వెనక పిలుపు

“మావా! ఆగు! జాకెట్టు మర్సిపోనావు!”

కేక నోరు దాటాకగానీ తానేం చేసిందో తాతమ్మకు తెలియలేదు.

పడవ అప్పటికే సగం నీళ్లలో ఉంది. భుజాలానించి తోస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. వాళ్ల వెనకే నడుస్తున్న ఎర్రన్న కూడా ఆగాడు.

వేటకు వెళ్లే మగవాణ్ని ఆ ఊళ్లో ఎవరూ వెనక నుంచి పిలవరు. పిలిస్తే ఆ పూట అతను వెళ్లడు. ఎర్రన్న తండేలు. పడవ నడిపించే పెద్ద. రోజూ రేవులో మొదట దిగేది అతని పడవే. మొదటి పడవకు వెనక పిలుపు తగిలితే, ఆ పూట ఇక ఏ పడవా నీళ్లు తాకదు.

ఎర్రన్న మెల్లగా తిరిగి, పెళ్లాం చేతిలోని, నీళ్లలో మనిషిని తేల్చే నారింజరంగు జాకెట్టు వైపు చూశాడు.

“పిలుపు పిలుపే. పైకి లాగండ్రా పడవ.”

తాతమ్మకు వరసకు తమ్ముడైన పడవ ఆసామి గంగులు నెత్తి కొట్టుకున్నాడు.

“ఏటే అప్పా, బుర్రుందేటి నీకు? కవళ్ల సేపలు గుంపులు గుంపులుగా తిరగతన్నాయి. ఇయాలే లేసిందేటి నీ నోరు?”

“మర్సిపోయి ఎల్లిపోతంటే సూస్తా ఊరుకోమంటావేటి?”

“మన తాతలు ఏసుకున్నారేటి జాకెట్లు?”

“ఏసుకోనేదు. అందుకే మా తాత ఏమైపోనాడో మా నాయనమ్మకి సచ్చేదాకా తెలీనేదు.”

హుద్‌హుద్ తుపాను పోయిన మరుసటేడు అది. ఆ తుపాను తర్వాతే తాతమ్మ మారింది. ఎండుచేపల గంపతో చీపురుపల్లి సంతకు తిరిగి తిరిగి ఇంట్లో అందరికీ ప్రమాద బీమా కట్టించింది. పగుళ్లిచ్చిన గ్యాసు గొట్టం మార్పించింది. మొగుడికి జాకెట్టు కొని, తలుపు పక్క మేకుకు తగిలించింది. ఆ పేటలో ఇవన్నీ ఉన్న ఇల్లు అదొక్కటే. ఆ సంగతి అందరికీ తెలిసేలా తలెత్తుకుని తిరిగేది.

“మొగుడు బతికుండగానే సావుకి బేరమాడినావేటే?” అని పక్కింటి మరిడమ్మ ఎత్తిపొడిచిందొకసారి.

“అవునే. రేపేటైనా అయితే నా పిల్లలు నీ గుమ్మంలో సెయ్యి సాపకూడదు” అంది తాతమ్మ.

ఎండ ఎక్కేసరికి వలల పాకలో అందరూ చేరారు. గంగులు తీర్పు ముందే చెప్పేశాడు.

“తడిబట్టల్తో గంగమ్మ ముందు నిలబడి తప్పైపోనాదని సెప్పాల. నేదంటే రేపట్నించి నా పడవకి ఏరే తండేలు.”

ఎర్రన్న తండ్రి కూడా తండేలే. ఆ మర్యాద ఇంట్లోంచి పోతే మళ్లీ రాదు. తాతమ్మ మొగుడి వైపు చూసింది. అతను తలొంచుకుని చిరిగిన వల ముడులేస్తున్నాడు.

“నువ్వేటంటావు మావా?”

“పిలిసింది నువ్వు. నువ్వే సెప్పు.”

నలుగురిలో తన తరఫున ఒక్క మాట అనలేకపోయాడు! పెదవి బిగించి, కొంగు నడుంకు చుట్టుకుని లేచింది.

“పిలిసినాను. రేపు మర్సిపోయినా పిలుస్తాను. తండేలుతనం పోతే పోనాది, మనిసి మిగుల్తాడు. గంగమ్మా ఆడదే కదేటి? మొగుణ్ని ఎనక్కి పిలుసుకుంటే ఆవిడకి కోపమొస్తాదేటి?”

ఎవరో ముసలాయన ఫక్కున నవ్వాడు. గంగులు ముఖం మాడ్చుకుని ఏదో అనబోయాడు.

అప్పుడు లేచింది గాలి.

ముందు ఇసుక రేగింది. తర్వాత పాక మీది తాటాకులు లేచిపోయాయి. అంతవరకూ తెల్లగా మెరిసిన నీళ్లు నల్లబడ్డాయి, వాన అందుకుంది. కెరటాలు ఒడ్డు మింగుతూ వస్తుంటే, ఆడా మగా పరిగెత్తి పడవలను ఇంకా పైకి ఈడ్చారు. ఈడ్చిన చోట వాటిని పట్టుకుని అలాగే నిలబడ్డారు. తాము ఈపాటికి ఎక్కడుండేవాళ్లో ఆ వైపే చూస్తున్నారు అందరూ.

చాలాసేపటికి గంగులు తడిసిన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. తాతమ్మ మొహంలోకి చూడలేక ఆమె కాళ్లవైపు చూశాడు.

“అప్పా... గంగమ్మే నీ నోట పిలిపించినాది.”

“గంగమ్మ కాదురా తమ్ముడా. జాకెట్టు.”

మరిడమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. “ఒసే తాతమ్మా, ఆ జాకెట్టెక్కడ కొన్నావే? ఆ బీమా కట్టించుకునేవోల్లు ఎక్కడుంటారే? మా ఆయనొట్టి మొండోడు, నువ్వే వచ్చి సెప్పాల.”

ఆ రోజు సాయంత్రం దాకా తాతమ్మ గుమ్మం ఖాళీ లేదు. వచ్చిన ప్రతివాళ్లకూ మేకు మీది జాకెట్టు చూపించి, తాడు ఎలా బిగించాలో కట్టి మరీ చూపించింది. అసలే పొడుగు మనిషి, ఆ పూట ఇంకో జానెడు పెరిగినట్టుంది.

దీపాలవేళకు వాన వెలిసింది. ఎర్రన్న కంచం ముందు కూర్చున్నాడు. తాతమ్మ పులుసు పోస్తూ పొద్దుటి కోపమంతా బయటపెట్టింది.

“ఊరంతా నన్ను మెచ్చుకున్నాది. నువ్వు మాత్రం పాకలో నోరిప్పనేదు. ఈసారి జాకెట్టు మర్సిపో, కాళ్లిరగ్గొడతాను.”

ఎర్రన్న ముద్ద నములుతూ ముసిముసిగా నవ్వాడు.

“గాలి తేడాగా ఉన్నాదని నిన్న సందేళే గంగులుకి సెప్పినాను. అందరికీ సెప్పినాను.”

“ఏటన్నారు?”

“బీమా కట్టినకాడ్నించి ఎర్రన్నకి పిరికితనం పట్టుకున్నాదని రేవంతా నవ్వినాది. ఇంకోసారి సెప్తే ఇంటారేటి?”

గరిటె పట్టుకున్న ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది.

“గాలి సంగతి తెలిసీ ఎల్లినావా? అదీ జాకెట్టు మర్సిపోయి!”

“మర్సిపోనేదే, నువ్వు పిలుస్తావనే ఒగ్గీసినాను.”