గుమ్మానికి పచ్చ అట్ట

మా వీధిలో నా కన్నుగప్పి చీమ కూడా చావదు. ఒంటరి ముసలివాళ్లు పొద్దున లేవగానే గుమ్మానికి పచ్చ అట్ట తగిలించాలి. అట్ట లేకపోతే మేం తలుపు తడతాం. ఆ ఏర్పాటు నాదే.

శుక్రవారం కూడా ఒంటరిగా ఉండే ముసలి టైలరు గుమ్మానికి అట్ట వేలాడుతోంది. పుస్తకంలో టిక్కు పెడుతుంటే పక్కింటి కోడలు చెత్తబుట్టతో బయటికొచ్చింది.

"ఏమ్మా, మిషను చప్పుడు లేదు. మావాడు కుంభకర్ణుడితో పందెం వేశాడా?"

"ఏమో బాబాయిగారూ, నాకూ కనబళ్లేదు. ఆ అట్ట నేనే తగిలిస్తున్నా."

"నువ్వా?"

"మరిచిపోతాడు పాపం. మీరొచ్చి దబదబా బాదితే నిద్ర పాడవుతుందని..."

"ఎప్పట్నించి?"

"సోమవారం నించి."

నా పుస్తకంలో అయిదు టిక్కులున్నాయి. చీమ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా వీధిలో ఏనుగు చచ్చినా నాకు తెలియదు.

తలుపు బాదాను. "ఒరే టైలరూ, పలకరా!"

కోడలి చేతిలో బుట్ట జారిపోయింది. "బాబాయిగారూ, నా వల్లేనా?"

తలుపుకి చెవి ఆనించాను. లోపల సన్నగా మూలుగు వినిపించింది.

"ఉన్నాడమ్మా! తాళాలవాణ్ణి పిలు!"

ఆమె పరుగెత్తింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆ పిల్ల మొహం చూడలేక, ఆ మూలుగు.