మా ఆయన మాటకు విడిగా ఒక దారి

“పెట్టె మార్చేటప్పుడు మీ నాన్న మాట మధ్యలో ఎక్కడైనా పడిపోతే ఏం చేస్తావే?” అన్నాను.

“మాటేమన్నా చెంచానా అమ్మా, పడిపోడానికి!” అని నవ్వింది మా అమ్మాయి హిమజ.

పక్షవాతం వచ్చాక మా ఆయన మనసులో అనుకున్నది ఆయన మెడ దగ్గరి మిషను పలుకుతుంది. దాని బుర్ర మాత్రం, ఇప్పుడు అందరిళ్లలో లాగే, బీరువా పక్కనున్న పెట్టెలో పొయ్యి, టీవీ, తలుపుల బుర్రలతో కలిసి ఉంటుంది. అన్నిటికీ ఒకటే దారి. మనవలు టీవీలో ఆటలు మొదలెడితే ఆయన మాట సగంలో ఆగిపోయేది. అందుకని హిమజ కొత్త పెట్టె తెచ్చింది. నాన్న మాటకు ముందు పాతదాంట్లోనే విడిగా ఒక దారి వేసి చూసి, తర్వాత అన్నిటినీ కొత్తదాంట్లోకి మార్చింది.

పొయ్యి వెలిగింది. టీవీ వచ్చింది. తలుపు కూడా నమస్కారం చెప్పింది. ఆయన మాత్రం పలకలేదు.

“ఏమండీ, కాఫీ ఇవ్వనా?” అన్నాను. కళ్లు నన్నే చూస్తున్నాయి, మాట లేదు.

హిమజ పెట్టె దగ్గరికి పరిగెత్తింది. తీగలు పీకుతోంది, మళ్లీ పెడుతోంది. ఏ తీగ దేనిదో నాకేం తెలుసు? ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పెట్టిన కాఫీ చల్లారిపోయింది.

“అయ్యో! నాన్న దారిని పాత పెట్టెలోనే తెరిచానమ్మా, కొత్తదాంట్లో తెరవడం మర్చిపోయాను!” అంటూ గబగబా ఏదో నొక్కింది.

మిషను గరగరమంది.

“ఇందాకట్నుంచీ పలుకుతూనే ఉన్నానే,” అన్నారాయన నన్ను చూసి. “నీకే వినపళ్లేదు.”