సందుకు నలుగురు జిహాన్లు

"జిహాన్! ఇంటికి రా నాయనా!" మనవడి చొక్కాను గుమ్మంలో ఊపుతూ చున్‌షియాంగ్ కేక పెట్టింది.

"వస్తున్నా!" సందులో ఆడుకుంటున్న ముగ్గురు పిల్లలు ఒక్కసారే పలికారు.

"మిమ్మల్ని కాదర్రా!"

నిన్న దున్నపోతు తరిమితే జడుసుకున్న పిల్లవాడు కోడలు వేజెన్ ఒళ్లో కాలిపోతున్నాడు. డాక్టరు సూది వేసినా జ్వరం దిగలేదు. జడుపుకు పారిపోయిన ప్రాణం, వాడి చొక్కా ఊపుతూ పేరు పెట్టి పిలిస్తే తిరిగొస్తుందని ముసలామె నమ్మకం.

"పక్కింటి జిహాన్ ప్రాణం వచ్చి వీడిలో కూర్చుంటే వాళ్లకేం చెప్పనే, అమ్మాయ్?"

"వీడికి నీళ్లంత లోతైన మనసుండాలని ఆ అర్థమొచ్చే పేరు ఎంతో వెతికి పెట్టుకున్నాను, అత్తయ్యా."

"అందరూ అక్కడే వెతికినట్టున్నారు. నేను పెట్టిన పేరు నన్ను పిలవనిచ్చావా?"

దయ్యాలు కూడా అసహ్యపడి వదిలేయాలని అత్త పెట్టిన ఆ పేరును వేజెనే మాన్పించింది. పిల్లవాడి నుదురు మళ్లీ తాకి చూసింది. వాణ్ణి అత్త చేతుల్లో పెట్టి, చొక్కా లాక్కుని గుమ్మం దాటింది.

"ఒరే కుక్కెంగిలీ! ఇంటికి రారా, నా తండ్రీ!"

సందులో ఒక్కరూ పలకలేదు. ఆమె ఇంకా గట్టిగా పిలిచింది.