ముగ్గయిపోయిన స్ఫటికం

అణువుల వణుకును చెవితో వినగల మొనగాడు లోకంలో మా పేరయ్య ఒక్కడే. అప్పట్లో ప్రతి ఇంట్లోనూ మిద్దె మీంచి దిగే ఎర్ర కాంతిని స్ఫటికమే తెల్లగా మార్చేది. దాని అణువులు లయగా వణికితే వెలుగు పెరిగేది.

సుభద్రమ్మ ఇంట్లో వెలుగు తగ్గింది. భర్త పోయేముందు కుండలో పెంచిన స్ఫటికం అది. పేరయ్య చెవి ఆనించి, "వణుకు చచ్చిందమ్మా" అని తేల్చేశాడు. చచ్చినవాటిని ముగ్గు చెయ్యడం ఆనవాయితీ కనుక నూరేశాడు.

దాని చోట పెట్టిన కొత్తదీ వెలగలేదు. మిద్దెక్కి చూస్తే కాంతి దిగే గొట్టంలో కాకిగూడు!

"నిజంగా విన్నావా అన్నా?"

"అది ఎవరికీ వినబడదమ్మా," అన్నాడు పేరయ్య, తలెత్తకుండా.

ఆమె నవ్వేసి కాఫీ ఇచ్చింది.

ఆ నవ్వూ కాఫీ నేను అల్లినవి. నిజానికి ఆమె ముగ్గంతా కొంగులోకి ఎత్తుకుని తలుపేసుకుంది.