పొరపాటా, కావాలనా?

"ఫోను చెరువులో ఎలా పడిందండీ? పొరపాటునా, కావాలనా? కావాలని పడేస్తే ఇన్సూరెన్స్ రాదండి," అంది ఏలూరు సెల్‌షాపులో రమ్యశ్రీ.

"చేపలకి మేత వేస్తుంటే జారిందండి," అన్నాడు దుర్గారాజు.

"జారలేదు, నేనే విసిరాను!" అంది పెళ్లై నెలైనా కాని అతని భార్య తులసి. "ఎవడో మెసేజ్ పెట్టాడండి, 'పిల్ల బాగుంది, సాయంత్రం వచ్చి చూసుకోండి' అని. ఈయన చొక్కా మార్చుకుని మరీ బయల్దేరారు. అడిగితే చేపలంటారు!"

రమ్యశ్రీ నవ్వాపుకుంది. "మీ పుట్టిల్లు ఏ ఊరండీ?"

"కామవరపుకోట."

"మెట్ట కదండీ, అందుకే. మా కొల్లేరులో పిల్లంటే చేపపిల్లేనండి. చెరువులో వదలడానికి కొంటారు."

తులసి మొగుడి వైపు చూసింది.

"జారిందనే రాయండి," అంటున్నాడు అతను, తలెత్తకుండా.

"మీరు చెప్పండమ్మా. ఏం రాయను?"

తులసి గొంతు తగ్గింది.

"పొరపాటేనండి. నాదే."