బరువు మోసే పట్టీ

"మనిషి లేకుండా కొలత ఎలా తీస్తానమ్మా? మీ అమ్మాయిని తీసుకురండి, అయిదు నిమిషాల పని," అంది టేపమ్మ. మెడలో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతుంటుందని షాపులో ఆ పిల్లకి ఆ పేరు స్థిరపడిపోయింది.

"అది రాదు," అంది పెద్దావిడ.

ఆవిడ వచ్చి చాలాసేపయింది. కౌంటర్లో మిగతా అమ్మాయిలు ఖాళీగానే ఉన్నా, టేపమ్మ చేతిలో బేరం తెమిలేదాకా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు అంచున కూర్చుంది. కూతురికీ తనకీ మాటల్లేవట. తప్పు తనదేనట. అది పుట్టిన దగ్గర్నుంచీ దానికి ఒక్క గుడ్డముక్క కొనిచ్చిన పాపాన పోలేదట. ఒంటికి సరిగ్గా అమరే బ్రా ఒక్కటైనా కొనిస్తే తన మనసు కుదుటపడుతుందని గొంతు తగ్గించి చెప్పుకుంది.

గల్లా పెట్టె దగ్గర కూర్చున్న యజమానురాలు గోడమీది బోర్డు చూపించింది. లోపలి బట్టలు సరిపోకపోతే మార్చరు, తిరిగి పుచ్చుకోరు.

"తెలుసమ్మా, ఇచ్చాక వెనక్కి రావు," అని తల వంచుకుంది పెద్దావిడ. తర్వాత టేపమ్మ వైపు తిరిగింది. "మా అమ్మాయిదీ నీ ఒళ్ళే. నీకు సరిపోతే దానికీ సరిపోతుంది."

"ఇంకేం, నడిచే బొమ్మ దొరికింది మీకు," అంది యజమానురాలు.

తన కొలత ఇలా అరువివ్వడం టేపమ్మకి కొత్త కాదు. ఒళ్ళు తనలాంటిదే అయితే, రాలేని వాళ్ళ కోసం తన ఒంటిమీద వేసి చూపిస్తూనే ఉంటుంది. పెద్దావిణ్ణి తెర వెనక గదిలోకి తీసుకెళ్ళి, తను వేసుకున్న పాత బ్రా విప్పి, ఒంటికి తువ్వాలు చుట్టుకుంది. రెండు భుజాల మీదా పట్టీలు కోసుకుపోయి ఎర్రటి చాళ్ళు పడి ఉన్నాయి.

పెద్దావిడ చూపు అక్కడే ఆగిపోయింది.

"నా సంగతి చూడకండి," నవ్వింది టేపమ్మ. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు."

పెద్దావిడ నవ్వలేదు. ఇంట్లో ఎవరూ పట్టించుకోరా అని అడిగింది.

"మా అమ్మ ఉందిగా. ముందు చీవాట్లు పెడుతుంది, తర్వాత నూనె రాస్తుంది. చీవాట్లు లేకుండా నూనె ఒక్కరోజూ రాయలేదు."

"బాగా చూసుకుంటుందన్నమాట."

"ప్రాణం పెడుతుంది."

పెద్దావిడ గోడకి తగిలించిన హేంగర్లు సర్దసాగింది.

మొదట వేసిన బ్రా చెయ్యెత్తగానే వీపు మీద పైకి జరిగిపోయింది. అలా జరిగితే చుట్టుకొలత వదులైనట్టని చెప్పి, టేపమ్మ ఒక సైజు తగ్గించి, కప్పు ఒకటి పెంచి తొడుక్కుంది. ముందుకి వంగి సర్దుకుని, కొత్తదానికి చివరి హుక్కే పెట్టాలని, సాగాక లోపలి హుక్కులకి రావాలని వివరించింది. కింది పట్టీలోకి రెండు వేళ్ళు దూర్చి చూపించింది. అంతకన్నా ఎక్కువ దూరకూడదట.

"బరువంతా ఈ కింది పట్టీ మొయ్యాలమ్మా. భుజాల మీద పడిందంటే ఇది తన పని చెయ్యడం లేదని లెక్క."

"చెయ్యలేదు," అంది పెద్దావిడ నెమ్మదిగా. చెయ్యి చాపి, భుజం మీది ఎర్రటి చాలు వెంట వేలి కొసతో ఇటు నుంచి అటు రాసింది.

"ఇప్పుడు నొప్పిగా ఉందా?"

"అస్సలు లేదు. ఒంటిమీద ఉన్నట్టే లేదు."

"ఇంకొక్కసారి చెయ్యెత్తమ్మా."

టేపమ్మ ఎత్తింది. అటు తిరగమంటే తిరిగింది, కూర్చోమంటే కూర్చుంది. ఇంత శ్రద్ధ ఉన్న తల్లితో ఆ కూతురికి మాటల్లేకపోవడం ఏమిటో టేపమ్మకి అంతుబట్టలేదు.

అదే సైజులో మూడు కట్టించుకుని, డబ్బిచ్చి పెద్దావిడ వెళ్ళిపోయింది. కవరు మాత్రం బల్లమీదే ఉండిపోయింది. టేపమ్మ దాన్ని పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది.

"కవరు మరిచిపోయారు."

ఆవిడ ఆగింది గాని తిరిగి చూడలేదు. "నువ్వే వేసుకో."

"మరి మీ అమ్మాయికి?"

"నీకు సరిపోయాయిగా. అంతే చాలు."

టేపమ్మ తిరిగొచ్చి జరిగింది చెప్పింది. యజమానురాలు గల్లా పెట్టె మూసింది. ఆ కూతురు ఎప్పుడో పోయుంటుందే, పిచ్చితల్లి మనసు ఒప్పుకోక ఇలా తిరుగుతున్నట్టుంది అంది. టేపమ్మ కళ్ళు తుడుచుకుని కవరు లోపల పెట్టింది.

వీధి మలుపు దాటాక పెద్దావిడ ఒక గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఆ వేలిని గుప్పిట్లో మూసి గుండెకి అదుముకుంది.

పురిట్లోనే పెంపకానికి ఇచ్చేసిన బిడ్డను ఆవిడ తాకడం ఇదే మొదటిసారి.