గీత పడిన జాడ

సొర్లగొంది తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. లెక్క కోసం రాత్రంతా నడవాలి. తాబేలు పాకిన జాడ కనిపిస్తే పొదిగించడానికి గుడ్లు తీసి, జాడకు అడ్డంగా కర్రతో గీత గీస్తాం. మళ్లీ లెక్కలోకి రాకుండా అదే గుర్తు.

నిరుడు నా భార్య శౌరమ్మ, జయపాల్ జతగా నడిచారు. పోటు వస్తోందని జయపాల్ ముందే పాయ దాటేశాడు. వెనక వస్తున్న మనిషి కోసం ఆగలేదు. ఆమె శవం కూడా దొరకలేదు. ఈ ఏడు వాణ్ణి నాకు జత వేశారు. నేను వాడితో మాట్లాడను.

"బాబాయ్, ఇటు చూడు," అంటూ జయపాల్ టార్చి వేశాడు.

జాడ ఇంకా తడిగా ఉంది. దాని మీద అప్పటికే గీత పడి ఉంది. తీరంలో ఉన్నది మేమిద్దరమే. గీత పక్కనుంచి ఆడమనిషి అడుగులు పాయ వైపు వెళ్లాయి.

"నువ్వే గీశావు కదూ? ఎగతాళి చెయ్యమాక బాబాయ్."

"నేను నీ వెనకే వస్తున్నా కదరా."

ఈ ఏడు వాడితో నేనన్న మొదటి మాట అది.

"అయితే పిన్నేనేమో," అని వాడు అడుగుల వెంట నడిచాడు. పాయలోకి పోటు ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. వద్దంటే ఆగేవాడు. నేను అనలేదు.

టార్చి వెలుగు ఆరిపోయింది. చీకట్లో వాడి గొంతు వినిపించింది.

"నిదానంగా రా పిన్నీ. నీ కోసం ఆగాన్లే."

తర్వాత నీళ్ల చప్పుడు కూడా లేదు. కాసేపటికి తడి ఇసుకలో ఒక్కరే నా వైపు నడిచి రావడం వినిపించింది.